వేమవరం ఆకులు

మాఘం గడిచి ఎండలు ముదిరే రోజుల్లో దర్శి ప్రాంతపు మిరపచేల గట్ల మీద నడిచిన వారికి ఒక వింత కనిపిస్తుంది. ఉదయం నిండుగా విచ్చుకొని ఉన్న ఆకులు రెండు జాముల వేళకు వాడి వేలాడతాయి. నీరు పెట్టకపోయినా, పొద్దు వాలేసరికి చాలావరకు తేరుకుంటాయి. రైతులకు ఇది నిత్యానుభవం కనుక వారు దీన్ని వింతగా భావించరు. శాస్త్రజ్ఞుడు మాత్రం ఇక్కడ ఒక బేరాన్ని చూస్తాడు. ఆకు మీద, ముఖ్యంగా దాని అడుగుభాగాన, కంటికి కనిపించని సన్నని రంధ్రాలు వేలకొలదిగా ఉంటాయి. వీటిని పత్రరంధ్రాలు అంటారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాటి గుండానే లోపలికి వెళ్తుంది. అదే దారిన మొక్కలోని నీరు ఆవిరై బయటకు పోతుంది. ఆహారం తయారు కావాలంటే తలుపు తెరవాలి, తెరిస్తే నీరు పోతుంది. మొక్క జీవితమంతా ఈ రెండింటి నడుమ నడిచే బేరమే.

ఆకు ఎంత వెడల్పుగా ఉండాలి, ఎంత దళసరిగా ఉండాలి, అంచు నునుపుగా ఉండాలా, రంపపు పళ్ళలా ఉండాలా, రంధ్రాలెన్ని ఉండాలి అనే విషయాల్లో వంశలక్షణం కొంత, ఈ బేరం కొంత కలిసి ఉంటాయి. అందువల్ల ఒక ప్రాంతపు చెట్ల ఆకులన్నింటినీ కలిపి చూస్తే అక్కడి ఎండావానలు తెలుస్తాయి. మరి ఆ ఆకులు కోట్ల సంవత్సరాల కిందట రాలిపోయినవైతే? అవి రాతిలో నిలిచి ఉంటే, నాటి ఎండావానలను కూడా చదవవచ్చు. ప్రాచీన శీతోష్ణస్థితిని తెలుసుకొనే మార్గాల్లో ఇది ఒకటి. ఇందులో ఎంత నమ్మకం ఉందో, ఎంత జాగ్రత్త అవసరమో మన జిల్లాలో దొరికిన ఆకులే చెబుతాయి.

దర్శి నేలకింద మాత్రం ఆకుల కోసం వెదకి ప్రయోజనం లేదు. అక్కడివి అతి పురాతనమైన శిలలు. ఒంగోలు వెళ్ళే దారిలో ఉన్న చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. దానిలోని మెరుపులను బట్టి వ్యాపారులు దానికి గెలాక్సీ గ్రానైట్ అని పేరు పెట్టారు. అది భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాయి. దాని వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. అది గట్టిపడిన నాటికి భూమి మీద ఆకు అనేదే లేదు. ఉన్నా ఆ వేడిలో మిగిలేది కాదు. ఆకు నిలవాలంటే నిలకడగా ఉన్న నీరు కావాలి, మెత్తని ఒండ్రు కావాలి, గాలి సోకకుండా త్వరగా కప్పుకుపోవాలి. అటువంటి చోటు తీరానికి చేరువగా దొరికింది. ఒంగోలుకు దగ్గరలోని వేమవరంలో పొరలు పొరలుగా విడిపోయే మట్టిరాయి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని షేల్ అంటారు. ఆ పొరలను విప్పితే పుస్తకంలో దాచిన ఆకుల్లా మొక్కల ముద్రలు బయటపడతాయి. ఈ ప్రాంతపు శిలల వరుసకు మన ఊళ్ళ పేర్లే పెట్టారు. అడుగున బూదవాడ ఇసుకరాయి, నడుమ వేమవరం షేల్, పైన పావులూరు ఇసుకరాయి. మన గ్రామాల పేర్లు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఇలా చేరాయి.

ఈ తీరప్రాంతాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ పక్షాన పరిశీలించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1863లో మద్రాసు సమీపాన పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన ఫుట్ ఈయనే. తూర్పుతీరపు శిలల గురించి ఆయన రాసిన నివేదిక 1879లో వెలువడింది. అదే సంవత్సరంలో ఒటోకర్ ఫైస్ట్‌మాంటెల్ వేమవరం, శ్రీపెరుంబుదూరు మొదలైన చోట్ల దొరికిన మొక్కల శిలాజాలను బొమ్మలతో సహా వర్ణించి ప్రచురించాడు. బొహీమియా నుంచి వచ్చి కలకత్తాలో పనిచేసిన ఈ శాస్త్రజ్ఞుడు గోండ్వానా మొక్కల అధ్యయనానికి పునాది వేసినవారిలో ఒకడు. 1920లో కేంబ్రిడ్జ్ ఆచార్యుడు సీవర్డ్, ఆయన శిష్యుడు బీర్బల్ సహాని కలిసి భారతదేశపు గోండ్వానా మొక్కలను మళ్ళీ పరిశీలించి పాత పేర్లను సవరించారు. సహాని తరువాత 1946లో లక్నోలో స్థాపించిన పురావృక్షశాస్త్ర సంస్థ నేడు ఆయన పేరుతోనే కొనసాగుతోంది. వేమవరం ఆకులను అక్కడి శాస్త్రజ్ఞులు ఈ శతాబ్దంలోనూ పరిశీలించారు.

ఆ ఆకులు ఏ మొక్కలవి? ప్టిలోఫిల్లమ్, ఓటోజామైటిస్, డిక్టియోజామైటిస్ అనేవి ఈక ఆకారపు ఆకులు. నడిమి ఈనెకు ఇరువైపులా సన్నని రెక్కలు వరుసగా పేర్చినట్లుంటాయి. చూపుకు నేటి సైకస్ ఆకులను తలపిస్తాయి. కానీ అవి బెన్నెట్టైటేల్స్ అనే వేరొక వర్గానికి చెందినవి. ఆ వర్గం పూర్తిగా అంతరించిపోయింది. వీటితో పాటు పొడవైన పట్టీ వంటి టీనియోప్టెరిస్, కొన్ని ఫెర్న్ మొక్కలు, పొలుసుల వంటి ఆకులున్న బ్రాకిఫిల్లమ్ మొదలైన కోనిఫర్ చెట్ల రెమ్మలు ఉన్నాయి. మనం నిత్యం చూసే మర్రి, రావి, వేప, మామిడి వంటి పూల చెట్ల ఆకులు మాత్రం ఆ పొరల్లో కనబడవు.

ఈ మొక్కల పోలికను బట్టి తొలితరం పరిశోధకులు ఆ శిలలను జురాసిక్ యుగానికి చెందినవిగా భావించారు. అయితే అవే పొరల్లో అమ్మొనైట్లు కూడా దొరికాయి. ఇవి సర్పిలాకారపు గుల్ల గల సముద్రజీవులు. త్వరత్వరగా రూపం మార్చుకుంటూ వచ్చినవి కనుక వీటిని బట్టి రాతి వయస్సును చాలా కచ్చితంగా చెప్పవచ్చు. 1930లలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు స్పాత్ వీటిని పరిశీలించి, ఇవి క్రెటేషియస్ యుగపు తొలిభాగానివని తేల్చాడు. బూదవాడ పేరు మీద ఒక అమ్మొనైట్ జాతికి బూదవాడెన్సిస్ అనే పేరు కూడా వచ్చింది. అంటే వేమవరం ఆకులు రాలి సుమారు 12, 13 కోట్ల సంవత్సరాలు అయిందన్నమాట. ఆకు మంచి ఉష్ణమాపకం కావచ్చు గాని, మంచి గడియారం కాదని ఈ ఉదంతం తెలుపుతుంది. ఒకే రకపు ఆకులు యుగాలు మారినా నిలిచి ఉండగలవు.

అమ్మొనైట్లు మరొక విషయం కూడా చెబుతాయి. ఆకులు రాలిన బురద మీదికి సముద్రం వచ్చిందని. అప్పుడు భారత భూభాగం దక్షిణార్ధగోళంలో, భూమధ్యరేఖకు ఎంతో దిగువన ఉండేది. అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి అప్పుడప్పుడే విడిపోతూ ఉండేది. ఆ చీలికలోకి సముద్రపు నీరు చొరబడి మన తూర్పుతీరం పుట్టింది. కొత్తగా పుట్టిన ఆ తీరాన పెరిగిన మొక్కల ఆకులే ఇవి.

ఇక అసలు ప్రశ్న. ఆ తీరం వెచ్చగా ఉండేదా, చల్లగా ఉండేదా? వానలు ఎలా ఉండేవి?

ఆకు చూసి వేడిమిని లెక్కకట్టే పద్ధతికి వందేళ్ళు దాటాయి. 1915లో అమెరికాకు చెందిన బెయిలీ, సిన్నాట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు ఒక విషయం గమనించారు. వేడి దేశాల అడవుల్లో నునుపు అంచు గల ఆకులున్న చెట్లు ఎక్కువ. చలి దేశాల్లో రంపపు అంచు గలవి ఎక్కువ. తరువాత జాక్ వుల్ఫ్ తూర్పు ఆసియా అడవుల నుంచి విస్తారమైన వివరాలు సేకరించి 1979లో ప్రచురించాడు. వాటిని ఆధారం చేసుకొని రూపొందిన సూత్రం చాలా తేలిక. నునుపు అంచు గల జాతుల భాగాన్ని 30.6తో గుణించి 1.14 కలిపితే ఏడాది సగటు ఉష్ణోగ్రత డిగ్రీల సెల్సియస్‌లో వస్తుంది.

మీ ఊరి చెట్లతో ఈ లెక్క చేసి చూడండి. దర్శి పరిసరాల్లో ఇరవై జాతుల చెట్ల ఆకులు సేకరించారనుకుందాం. మర్రి, రావి, మామిడి, నేరేడు, కానుగ, చింత నునుపు అంచు గలవి. వేపాకు మాత్రం స్పష్టమైన రంపపు అంచు గలది. రేగు ఆకు అంచున కూడా సన్నని పళ్ళుంటాయి. ఇరవైలో పదిహేడు నునుపు అంచువి అయితే ఆ భాగం 0.85. దాన్ని 30.6తో గుణిస్తే 26.01. 1.14 కలిపితే 27.15 డిగ్రీలు. ఈ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఊహించిన లెక్కే అయినా, ఈ పద్ధతి ఎంత దగ్గరగా రాగలదో దీన్ని బట్టి తెలుస్తుంది. కేవలం వేపచెట్టును చూసి లెక్కకట్టినవాడు మాత్రం మనది మంచుదేశమని తేల్చగలడు. ఇరవైకి తగ్గకుండా జాతులు ఉండాలనడానికి కారణం ఇదే.

ఇందులో మెలకువలు కొన్ని ఉన్నాయి. పత్తి, మిరప వంటి పైర్లను లెక్కలో చేర్చరాదు. చెట్లు, గట్టి కాండం గల పొదలు, తీగలే పనికివస్తాయి. కాగితపు మిల్లుల కోసం మన మెట్ట పొలాల్లో పెంచే సుబాబుల్, జామాయిల్ కూడా చేర్చరాదు. అవి పరదేశం నుంచి తెచ్చి నాటినవి. ఇంకొక చిక్కు ఏమంటే, ఏటి ఒడ్డున పెరిగే చెట్లలో రంపపు అంచువి సాధారణంగా ఎక్కువ. శిలాజాలుగా మారేవి ఎక్కువగా ఏటి ఒడ్డున రాలిన ఆకులే. అందువల్ల రాతిలోని ఆకులు అసలు ఉన్నదానికంటే కొంత చల్లదనాన్ని సూచించవచ్చు. చలి దేశపు చెట్టుకు రంపపు పళ్ళు ఎందుకు? వసంతంలో ఆకు విచ్చుకొనేటప్పుడు ఆ పళ్ళ దగ్గర పని ముందుగా మొదలై, కొద్దికాలమే ఉండే మంచి రోజులను చెట్టు వృథా పోనివ్వదని ఒక వివరణ ఉంది. దీనిపై పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

వుల్ఫ్ 1993లో ఈ పద్ధతిని ఇంకా విస్తరించాడు. అంచు ఒక్కటే కాక ఆకు పరిమాణం, కొన, మొదలు, ఆకారం ఇత్యాదిగా 31 లక్షణాలను ఒక్కసారిగా లెక్కించే విధానమది. దానితో ఉష్ణోగ్రతనే కాక వానలను కూడా అంచనా వేయవచ్చు. రాజస్థాన్‌లోని బికనీర్ జిల్లా గుఢా లిగ్నైట్ గనిలో, అస్సాంలోని మాకుం బొగ్గు పొరల్లో దొరికిన ఆకులను ఈ విధంగానే చదివారు. నేడు ఎడారి అంచున ఉన్న గుఢా ప్రాంతంలో ఐదు కోట్ల సంవత్సరాలకు పూర్వం పచ్చని అడవి ఉండేదని, అక్కడ వానకాలం, పొడికాలం వేరువేరుగా ఉండేవని ఆ ఆకులు తెలిపాయి. రుతుపవనాల వంటి వానల తీరు హిమాలయాలు ఈ ఎత్తుకు ఎదగకముందే ఉన్నదా అనే పెద్ద చర్చలో ఆ సాక్ష్యం ముఖ్యమైనదైంది.

కానీ వేమవరంలో ఈ రెండు పద్ధతులూ పనిచేయవు. సూత్రాలన్నీ పూల చెట్ల ఆకుల మీద కట్టినవి. వేమవరం పొరల్లో అవి లేవు. ప్టిలోఫిల్లమ్ అంచు నునుపుగా ఉంది కదా అని నూటికి నూరుపాళ్ళు వేసి లెక్కిస్తే 31.74 డిగ్రీలు వస్తుంది. ఆ అంకెకు అర్థం లేదు. తూకం రాళ్ళతో పొడవు కొలిచినట్లవుతుంది.

మరి పత్రరంధ్రాలను లెక్కించవచ్చు కదా? ఇది పురాతన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మార్గం. గాలిలో ఆ వాయువు సమృద్ధిగా ఉంటే మొక్కకు తక్కువ రంధ్రాలు చాలు. కొరతగా ఉంటే ఎక్కువ కావాలి. 1987లో ఇయాన్ వుడ్‌వర్డ్ ఒక చక్కని పని చేశాడు. కేంబ్రిడ్జ్‌లోని హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను కాగితాలకు అతికించి దాచే భాండారంలో, రెండు వందల సంవత్సరాలుగా దాచిన చెట్ల ఆకులు తీసి రంధ్రాలను లెక్కించాడు. పరిశ్రమల పొగ పెరిగిన ఆ కాలంలో రంధ్రాల సాంద్రత సుమారు 40 శాతం తగ్గినట్లు తేలింది. ఆకు తన కాలపు గాలిని రాసిపెట్టుకుంటుందనడానికి ఇంతకంటే తేటతెల్లమైన సాక్ష్యం అరుదు. ఎవరో ఎప్పుడో మరేదో పనికి దాచిన ఆకులు ఈ పనికి వచ్చాయి.

కోట్ల సంవత్సరాల నాటి ఆకులో రంధ్రాలు కనబడడం ఎలా? ఆకు పైన మైనపు గుణం గల పలుచని పొర ఉంటుంది. దాన్ని అవభాసిని అంటారు. బ్యాక్టీరియాకు, ఆమ్లాలకు అది ఒక పట్టాన లొంగదు. ఆకు నల్లని బొగ్గుపొరగా మిగిలిన చోట, రసాయనాలతో ఆ బొగ్గును కరిగిస్తే అవభాసిని చిరుగు కాగితంలా తేలివస్తుంది. దాని మీద కణాల హద్దులు, రంధ్రాల గుర్తులు అచ్చుపడి ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కించడమే తరువాయి. వేమవరం ఆకుల్లో అధికభాగం కేవలం ముద్రలు. తడి సిమెంటు మీద రాలిన ఆకు ఎండి ఎగిరిపోయిన తరువాత మిగిలే గుర్తు వంటివి. ఆకారం, ఈనెలు కనబడతాయి గాని అసలు చర్మం లేదు. కనుక ఆ ద్వారమూ దాదాపు మూసుకుపోయినట్లే.

అప్పుడు మిగిలేది పోలికలు, పరిసరాలు చూసి నిదానంగా ఊహించడం. ఈ విధానానికి మంచి ఉదాహరణ సింగరేణి బొగ్గు గనుల్లో ఉంది. బొగ్గుతో పాటు వచ్చే షేల్ రాళ్ళ మీద నాలుక ఆకారపు ఆకులు కనబడతాయి. వాటి పేరు గ్లాసోప్టెరిస్. అవి వేమవరం ఆకుల కంటే రెట్టింపు పాతవి. అవి ఒకదానిపై ఒకటి గుట్టలుగా, పొరలుపొరలుగా పడి ఉంటాయి. అంటే ఏటా ఒక రుతువులో ఒక్కసారిగా రాలేవని భావించారు. ఆ కాలపు మాన్లలో స్పష్టమైన వార్షిక వలయాలు కూడా ఉన్నాయి. గోదావరి లోయలో ఆ పొరల అడుగున హిమానీనదాలు మోసుకొచ్చిన గుండ్రాళ్ళ పొర ఉంది. మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి. మంచు కరిగిన తరువాత, ఎండాచలీ గట్టిగా మారే నేలలో పెరిగిన అడవి అది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మరణించిన స్కాట్ బృందం చివరివరకు విడువకుండా మోసిన సుమారు 16 కిలోల రాళ్ళలోనూ ఈ గ్లాసోప్టెరిస్ ఆకులే ఉన్నాయి. వాటిని పరిశీలించి చెప్పినది, పైన పేర్కొన్న సీవర్డే.

ఈ తీరుగా వేమవరం ఆకులను చూస్తే కొంత తెలుస్తుంది. ఈక ఆకారపు ఆకులు, ఫెర్న్‌లు, కోనిఫర్‌లు కలిసి పెరిగిన ఆ తీరం, అంత దక్షిణాన ఉన్నప్పటికీ, మంచు కప్పిన నేల కాదు. క్రెటేషియస్ యుగంలో భూమి మొత్తం మీద నేటికంటే వెచ్చదనం ఎక్కువని ఇతర ఆధారాలు కూడా చెబుతాయి. కానీ బెన్నెట్టైటేల్స్ ఆకుల రెక్కలు చిన్నవి, బిరుసైనవి. బ్రాకిఫిల్లమ్ ఆకులు కొమ్మకు అతుక్కున్న పొలుసులు. నీటిని పొదుపు చేసే లక్షణాలివి. ఏటా కొన్ని నెలలు వాన లేని కాలం ఉండేదా? ఉప్పుగాలి తగిలే సముద్రతీరం కావడం వల్లనా? లేక గాలిలో కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉండడం వల్ల ఆకు పెద్దది కావలసిన అవసరమే లేకపోయిందా? ఒకే రూపానికి మూడు కారణాలు ఉండవచ్చు. నేటి సైకస్ మొక్కలు వేడి ప్రాంతాల్లో పెరుగుతాయి కనుక అవీ అంతే అనడం తొందరపాటు. పోలిక చూపుకు మాత్రమే గాని వంశంలో కాదు. పైగా నేటి సైకస్ జాతుల్లో అధికభాగం గత 1 కోటి 20 లక్షల సంవత్సరాల లోపే పుట్టినవని 2011లో జన్యు పరిశోధనలు తెలిపాయి.

ఇంత శ్రమ దేనికి అని అడిగేవారు ఉంటారు. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 280 భాగాలుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది. రాబోయే కాలపు వేడిమిని, వానలను కంప్యూటర్ నమూనాలతో అంచనా వేస్తున్నారు. ఆ నమూనాలు సరైనవో కావో తెలియాలంటే, గాలిలో ఆ వాయువు ఎక్కువగా ఉన్న కాలాన్ని వాటిచేత లెక్కింపజేసి, జవాబును నేలలోని సాక్ష్యంతో పోల్చాలి. గాలి ఈ స్థాయికి ఇంతకుముందు చేరింది సుమారు 1 కోటి 40 లక్షల సంవత్సరాల కిందట అని 2023లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష నిర్ణయించింది. అందులో వాడిన ఆధారాల్లో శిలాజ పత్రరంధ్రాలు కూడా ఉన్నాయి. మనుషులెవరూ చూడని ఆ కాలానికి ఉష్ణమాపకాలు లేవు, వర్షమాపకాలు లేవు. ఉన్న కొద్ది సాక్షుల్లో ఆకు ఒకటి. సాగర్ కాలువ నీరు చివరి భూములకు అందుతుందో లేదోనని ఏటా ఎదురుచూసే దర్శి రైతుకు, వానల భవిష్యత్తు చెప్పే నమూనా నిజమో కాదో పట్టింపు లేని విషయం కాదు.

వేమవరం ఆకుల కథ ముగియలేదు. ఎక్కడో ఒక పొరలో, బురద మరింత మెత్తగా, గాలి చొరకుండా పడిన చోట, అవభాసిని మిగిలిన ఒక ప్టిలోఫిల్లమ్ దొరికితే ఆ మూడు కారణాల్లో కొన్నింటిని తోసిపుచ్చవచ్చు. అందుకే అటువంటి రాయి బావి తవ్వేటప్పుడో, పునాది తీసేటప్పుడో ఎవరికైనా కనబడితే ఊడబెరికి ఇంటికి తెచ్చుకోరాదు. ఏ లోతులో ఉంది, ఏ పొర కింద ఉంది, పక్కన గుల్లలు ఏమైనా ఉన్నాయా అన్నది రాసుకొని, ఛాయాచిత్రం తీసి, సమీప కళాశాల భూగర్భ శాస్త్ర అధ్యాపకులకు తెలపాలి. పొర తెలియని ఆకు అందమైన బొమ్మగా మిగులుతుంది. దాని పక్కన అమ్మొనైట్ ఉన్నదని ఎవరూ రాసి ఉంచకపోతే, వేమవరం ఆకులను మనం ఇంకా జురాసిక్ యుగానివనే అనుకుంటూ ఉండేవాళ్ళం.